సెయింట్ హెలెనా శిలల క్రింద

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమధ్యమున, ఆఫ్రికా తీరమునకు పశ్చిమముగా దాదాపు 1,900 కిలోమీటర్ల దూరమున, సెయింట్ హెలెనా యను అగ్నిపర్వతద్వీపము కలదు. 1815 మొదలు 1821 వఱకు నెపోలియను బందీగా నివసించి తనువు చాలించిన స్థలమగుటచే లోకము దాని నెఱుఁగును; కాని, ఆ చక్రవర్తికంటె ఎంతో ముందుగా ఆ నేలను నెలవుగా చేసికొని, అతని పిమ్మట నూటయేఁబది యేండ్లలోపల కనుమరుగైపోయిన యొక కీటకముయొక్క చరిత్ర మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

ఇయర్‌విగ్ అని వ్యవహరింపఁబడు పురుగులలో నింత పెద్దది మఱొకటి లేదు. సాధారణముగా నీ కుటుంబపు కీటకములు అంగుళమునకు లోపుగానే యుండఁగా, ఇది తోకయందలి పట్టకారువంటి కొమ్ములతోఁ గూడి 84 మిల్లీమీటర్ల వఱకు నెదిగెడిది. ఎగురుటకు వలసిన వెనుకరెక్కలు దీనికి లేవు. పగలు రాళ్ల క్రింది బొరియలలో దాఁగి, వానలు కురిసిన రాత్రులందు వెలికి వచ్చుచుండెను. ఎలుక యన్నదే యెఱుఁగని ద్వీపమున రెక్కలు లేకుండుట కొఱఁత కాదు. మదీరా ద్వీపపు పురుగులనుగూర్చి డార్విన్ ఊహించినట్లు, పెనుగాలికి సముద్రముపాలు గాకుండుటకు నది మేలే యైయుండవచ్చును.

నిర్జనమైన యా ద్వీపమును పోర్చుగీసు నావికులు 1502లో కనుఁగొనిరి. 1659లో ఈస్టిండియా కంపెనీ అచట వలస నెలకొల్పెను. మన దేశమునుండి సరకులతో ఇంగ్లాండునకు మరలు కంపెనీ నౌకలు మంచినీటికై యచట లంగరు వేసెడివి. ఓడలవెంట ఎలుకలును చుంచులును దిగెను. పరదేశపు పెద్ద జెఱ్ఱియు వచ్చి చేరెను. ఇండ్లకును గోడలకును జనులు నేలపై రాళ్ల నేఱుకొనిపోవుటతో పురుగునకు చాటు సైతము కఱవయ్యెను.

డెన్మార్కు దేశీయుఁడగు ఫాబ్రిషియస్ 1798లో దీనికి హెర్క్యులీస్ పేరిట శాస్త్రనామ మొసఁగినను, తరువాత చిరకాలము దీని యూసెత్తినవారు అరుదు. 1962లో పక్షుల యెముకలు వెదకుచున్న పరిశోధకులకు ఎండిన కొమ్ములు దొరకెను. 1965లో బెల్జియం శాస్త్రజ్ఞులు హార్స్ పాయింట్ మైదానమున సజీవముగానే చూచిరి. 1967 పిమ్మట నది మరల కంటఁబడలేదు. 1982లో ద్వీపప్రభుత్వము దాని బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించెను. లండను జూవారు 1988లో వెదకి విఫలులైరి. తుదకు 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని అంతరించిన జాతిగా ప్రకటించెను.

ఈ వినాశమును కోరి చేసినవా రెవ్వరును లేరు. నౌక నడిపినవాఁడు ఎలుకను దింపవలెనని రాలేదు. గోడ కట్టినవాఁడు పురుగు నెలవును చెఱుచుచున్నానని యెఱుఁగఁడు. వేటగాని గుఱిలోనున్న మృగమునకు శాసనము అండ కాఁగలదు గాని, ఎవ్వరి దృష్టియందును లేని ప్రాణికి శాసనమేమి చేయును? పేరు పెట్టి గ్రంథమున కెక్కించిన మాత్రమున చాలదు. ఏటేట పోయి చూచి, ఉన్నదా, తగ్గుచున్నదా యని లెక్క వ్రాసికొనువారు కావలెను. ఆ లెక్క సకాలమున లేకుండుటచేతనే దాని రక్షణకై జరిగిన వెదకులాట అది కడపటిసారి కనఁబడిన యిరువదియేండ్లకుఁ గాని మొదలు కాలేదు.