మిగిలిన మూడు బారులు: సెల్యులార్ జైలు స్మారకంగా మారిన తీరు

అండమాన్‌లోని సెల్యులార్ జైలుకు వెళ్లిన యాత్రికుడికి ఇవాళ కనిపించేది అసలు కట్టడంలో సగం కన్నా తక్కువ. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లా ఏడు బారులు, ఒక్కొక్కటి మూడంతస్తులు. 1906లో పూర్తయిన జైలు రూపం అది. ఇప్పుడు మూడు బారులే ఉన్నాయి. జైలున్న పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గానీ, ఏటా లక్షలాది మందిని ఆ ఊరికి రప్పిస్తున్నది ఇప్పటికీ ఆ మూడు బారులే. జైలు స్మారకంగా మారే క్రమంలో దాని గురించి మనకు తెలియవలసిన ముఖ్య విషయమొకటి వెనక్కి తగ్గిందని నా వాదన. ఆ విషయం కట్టడం ప్లానులో ఉంది.

ప్లాను సంగతి అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో, రెండు వందల మంది ఖైదీలతో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లో శిక్షాస్థావరం మొదలుపెట్టింది. హైదరాబాద్ రెసిడెన్సీపై 1857 జూలై 17న జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపింది ఆ స్థావరానికే. ఆ తరం ఖైదీలు అడవులు నరికారు, రోడ్లు వేశారు, జ్వరాలతో చచ్చిపోయారు. బతికి బట్టకట్టిన వారిలో కొందరికి కొన్నేళ్ల తర్వాత సాగు చేసుకోవడానికి భూమి దొరికింది. సెల్యులార్ జైలు కట్టింది మాత్రం ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు. 1857 వీరులను ఈ గదుల్లోనే ఊహించుకోవడం మనలో చాలామందికి అలవాటైపోయిన పొరపాటు.

1890లో లయాల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు ఈ స్థావరాన్ని పరిశీలించారు. ద్వీపాంతరవాసమంటే ఖైదీలకు భయం పోయిందని వారి ఫిర్యాదు. దీవికి చేరిన ఖైదీ మొదటి నెలలు కఠినమైన ఒంటరి నిర్బంధంలో గడపాలని సిఫారసు చేశారు. ఆ సిఫారసుకు ఇటుకల్లో ఇచ్చిన రూపమే ఈ జైలు. 1896లో పని మొదలైంది. ఇటుకలు బర్మా నుంచి ఓడల్లో వచ్చాయి, కూలి ఖైదీలది. ఏడు వందలకు కాస్త తక్కువగా గదులు. ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. గాలి వచ్చే కంత దాదాపు పది అడుగుల ఎత్తున. లోపలి మనిషి చెయ్యి చాపినా అందకుండా గడియ తలుపుకు దూరంగా గోడలో ఉంటుంది. నలుగురు కలిసి పడుకునే బ్యారక్ ఒక్కటీ లేదు. అన్నీ విడివిడి సెల్లులే, జైలు పేరు వచ్చింది అందువల్లే. పైగా ఒక బారు ముఖం పక్క బారు వీపును చూస్తుంది కాబట్టి, ఎదుటి గదిలో ఎవరున్నారో చూసే వీలు ఎవరికీ లేదు.

ఈ జైలును ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ 1791లో ప్రతిపాదించిన పనాప్టికాన్ అనే జైలు ప్లానుకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. నాకది సగమే సరిగా తోస్తుంది. బెంథామ్ ఊహలో నడుమ కూర్చున్న కాపలాదారుకు ప్రతి గది లోపలా కనబడుతుంది. ఇక్కడ గోపురం నుంచి కనబడేవి వసారాలే. ఖైదీని చూడడం కన్నా ఖైదీకి ఇంకో ఖైదీ కనబడకుండా చేయడమే ఇక్కడి అసలు ఉద్దేశం. ఆ రకంగా దీని దగ్గరి చుట్టం ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలు. అది 1971లో మూతపడి, 1994 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. అక్కడ పెచ్చులూడిన గోడలకు కొత్త మెరుగులు దిద్దకుండా, శిథిలాన్ని శిథిలంగానే నిలబెట్టారు. చక్రం ఆకారం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

మన చక్రం విరిగింది. 1941 భూకంపం దెబ్బతీసింది. 1942 నుంచి 1945 వరకు సాగిన జపాన్ ఆక్రమణలో రెండు బారులు పోయాయి, స్వాతంత్ర్యం వచ్చాక మరో రెండింటిని పడగొట్టారు. అక్కడ శిక్ష అనుభవించి వచ్చినవారు అడ్డుపడకపోతే మిగతావీ దక్కేవి కావు. 1963లో ఆ ఆవరణలో గోవింద్ వల్లభ్ పంత్ పేర ఆసుపత్రి వెలసింది. దీవుల జనానికి ఆసుపత్రి అవసరం, దాన్ని తప్పుపట్టలేం. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ మిగిలిన భాగాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

ఇప్పుడు యాత్రికుడు చూసేదేమిటి? ఉరికంబం, గానుగ, సావర్కర్ గది, చీకటి పడ్డాక రావిచెట్టు కథ చెబుతున్నట్టుగా సాగే ధ్వని కాంతి ప్రదర్శన. ఇవి మనసును కదిలిస్తాయి, కాదనను. రోజుకు ముప్పై పౌండ్ల కొబ్బరినూనె, అంటే పదమూడు కిలోలకు పైగా, ఎద్దు తిప్పే గానుగను మనిషి తిప్పి తీయాలని విన్నప్పుడు ఏ తెలుగువాడికీ గానుగెద్దు మాట ఇక తేలిగ్గా నోటికి రాదు. కానీ కథ కొద్దిమంది ప్రసిద్ధుల చుట్టూ తిరిగేసరికి, ఎవరి పేరూ అక్కరలేకుండా పనిచేసిన ఆ కట్టడం వెనక్కిపోతుంది. 1933లో ఇక్కడి రాజకీయ ఖైదీలు చేసిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు విడిచారు. మనిషికి మనిషి కనబడకుండా కట్టిన జైలులో అంతమంది ఒక్కమాట మీద నిలిచారన్నదే ఆ దీక్షలోని గొప్పతనం. ప్లాను తెలియనివారికి అది అందదు.

కట్టడాన్ని వివరించే బదులు జైలు అనుభవాన్ని అమ్మే పద్ధతి తెలుగునేల మీదా వచ్చింది. సంగారెడ్డి పాత జైలు 2016లో మ్యూజియమైంది. ఐదు వందల రూపాయలు కడితే ఇరవై నాలుగు గంటలు ఖైదీలా ఉండవచ్చన్న పథకం అక్కడ పెట్టారు. ఖైదీ బట్టలు, ఖైదీ తిండి ఇచ్చేవారు. రేపు ఈ పాటికి ఇంట్లో ఉంటానన్న ధీమా మాత్రం ఏ ఖైదీకీ ఉండేది కాదు. యావజ్జీవ ద్వీపాంతరం పడినవాడికి అసలే లేదు.

ఆ శిక్ష పడినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరిని అండమాన్ పంపారు. వారిలో గాం మల్లు దొర ఒకడు. అతనికి మొదట పడింది ఉరిశిక్ష, దాన్ని యావజ్జీవంగా మార్చారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకర వెంకటాచారీ ఆ దీవికే వెళ్లాడు. మన పాఠ్యపుస్తకాల్లో అల్లూరి మరణంతోనే మన్యం కథ ఆగిపోతుంది.

ప్లాను మళ్లీ కనబడాలంటే, కూలిన నాలుగు బారుల పునాదుల జాడను నేలమీద రాతిగీతలతో చూపాలి. ఏడు బారుల నమూనాను సందర్శన మొదట్లోనే ఉంచాలి. ఇవి పెద్ద ఖర్చయ్యే పనులు కావు. అంతవరకు అక్కడికి వెళ్లే పాఠకులకు ఒక విన్నపం: గోపురం పైకెక్కినప్పుడు సముద్రం వైపు చూడండి, తర్వాత ఆసుపత్రి వైపూ తిరగండి. లేని బారులు ఆ వైపునే ఉండేవి. ఆ బారులు తిరిగిరావు. గాం మల్లు దొర మాత్రం తిరిగివచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.