అసలీ ఆవాజ్ ఒక డబ్బాలో, గూంజ్ ఇంకో డబ్బాలో

పాత హిందీ పాటల తర్జ్‌లను మాటల్లేకుండా మోగించే గిటార్‌ని రేడియోలో విన్న బుజుర్గులు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. మనిషి గొంతులా సాగే ఆ సాజ్ పేరు స్టీల్ గిటార్. దాని తారీఖ్ చదువుతుంటే ఒక చిన్న ఇంతెజామ్ దగ్గర నేను ఆగిపోయాను. గిటార్ ఒకటే, యాంప్లిఫయర్లు మాత్రం రెండు. ఒకదాంట్లోంచి అసలీ ఆవాజ్, రెండోదాంట్లోంచి దాని గూంజ్. ఒక్క సాజ్‌కి ఇంత బరువు మోయడం ఎందుకు?

ఈ సాజ్ 19వ సదీ చివర్లో హవాయి దీవుల్లో పుట్టింది. జోసెఫ్ కెకుకు అనే కుర్రాడి పేరే ఎక్కువగా చెబుతారు. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీని తీగల మీద జారిస్తే ఒక సుర్ నుంచి ఇంకో సుర్‌కి తెగకుండా మీండ్ వస్తుంది. చిక్కల్లా ఆవాజ్ చిన్నది. డ్రమ్ములూ బాకాలూ మోగే బ్యాండులో అది వినపడేది కాదు. అందుకే జనంలో నిలిచిన మొదటి బిజిలీ గిటార్ స్టీల్ గిటారే అయింది. జార్జ్ బోషాం 1931లో నమూనా తయారుచేశాడు, 1932లో అమ్మకానికి వచ్చింది. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ చూసి దాన్ని 'ఫ్రయింగ్ పాన్' అన్నారు, అంటే పెనం. అప్పట్నుంచీ యాంప్లిఫయర్ ఈ సాజ్‌లో సగం.

మన ముల్క్‌లోకీ ఇది తొందరగానే వచ్చింది. 1940ల్లో టావు మో కుటుంబం కలకత్తాలో ఉండి హవాయి సంగీతం వినిపించింది. లక్నోవాసి వాన్ షిప్లీ ఫిల్మీ పాటలను బిజిలీ గిటార్ మీద మోగించి మష్హూర్ అయ్యాడు. నా దిల్‌కి దగ్గరైన కిస్సా మాత్రం కాజీ అనిరుద్ధది. ఆయన అబ్బా, బెంగాల్ ఇన్‌ఖిలాబీ షాయర్ కాజీ నజ్రుల్ ఇస్లాం. 1942లో బీమారీ వల్ల నజ్రుల్ జుబాన్ ఆగిపోయింది, 1976లో ఇంతెఖాల్ అయ్యేదాకా తిరిగి రాలేదు. ఆ ఖామోషీ నడుస్తున్న ఏళ్లలోనే కొడుకు అబ్బా పాటలను స్టీల్ గిటార్ మీద మోగించాడు. అబ్బాకన్నా రెండేళ్ల ముందే, 1974లో వెళ్లిపోయాడు. లఫ్జ్ లేని చోట మీండే లఫ్జ్. అది మసకబారితే పాట మానీ పోతుంది.

ఇక గూంజ్ సంగతి. 1947లో షికాగోలో బిల్ పట్నం అనే సౌండ్ ఇంజనీర్ రికార్డింగ్ ఆవాజ్‌ని గుసల్‌ఖానాలోకి పంపాడు. అక్కడి స్పీకర్ నుంచి గోడలకు తగిలి వచ్చిన గూంజ్‌ని మైకుతో పట్టి, కావలసినంతే అసలీ ఆవాజ్‌లో కలిపాడు. అంటే దారులు రెండు, కొలత మన చేతిలో. 1950ల్లో రే బట్స్ టేప్ ఎకోని యాంప్లిఫయర్ లోపలే పెట్టి 'ఎకోసోనిక్' చేశాడు. టేపు మీద రాసిన ఆవాజ్‌ని కాస్త ఆగి ఇంకో హెడ్ చదువుతుంది, అదే ఎకో. చెట్ అట్కిన్స్ లాంటి ఉస్తాదులు దాన్ని కొన్నారు. కానీ అసలూ నఖలూ ఒకే స్పీకర్లోంచి వస్తాయి.

మామూలు గిటార్‌కి ఇది చెల్లుతుంది. స్టీల్ గిటార్‌లో కడ్డీ కొత్త సుర్‌కి జారిపోయాక కూడా పాత సుర్ ఎకోలో మోగుతూనే ఉంటుంది. సుర్ ఎక్కడుందో ఆపి చూపే మెట్లు లేవు, చెవే గవాహ్. చెవికి ఒకేచోట రెండు సుర్‌లు తగిలితే చెయ్యి తడబడుతుంది.

దీనికి స్టీల్ గిటార్ వాళ్ల ఇలాజ్ రెండు యాంప్లిఫయర్లు. గిటార్ తీగ ముందు వాల్యూమ్ పెడల్‌లోకి వెళ్తుంది, ఆ తర్వాత రెండుగా చీలుతుంది. ఒకటి నేరుగా మొదటి యాంప్లిఫయర్‌కి. రెండోది ఎకో యంత్రం గుండా రెండో యాంప్లిఫయర్‌కి. ఆ యంత్రంలో అసలీ ఆవాజ్‌ని పూర్తిగా తీసేయాలి, గూంజ్ మాత్రమే బయటికి రావాలి. పెడల్ ముందుండటం వల్ల కాలు ఎత్తినా పాత గూంజ్ తెగిపోదు, మెల్లగా ఆరిపోతుంది. రెండో డబ్బాని నాలుగడుగుల దూరంలో, తక్కువ ఆవాజ్‌తో పెడతారు. యంత్రం చెడినా పాట ఆగదు. ఒక ఖత్రా ఉంది: రెండిటినీ కలిపితే గుర్రుమనే రొద రావచ్చు. దాన్ని ఆపడానికి ఎర్త్ తీగ పీకడం జాన్‌తో ఆట. రెండిటి మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే సహీ తరీఖా.

ఇదంతా మనకెందుకు అంటారా? మన జల్సాల్లో, నాత్ మెహఫిల్‌లలో "ఎకో పెంచండి భాయ్" అనే ఫర్మాయిష్ మీరూ వినే ఉంటారు. వెనక వరసల్లో కూచుని నాత్‌లో ఒక్క మిస్రా కూడా అర్థం చేసుకోలేని రాత్రులు నాకు చాలా ఉన్నాయి. తర్జ్ వినపడింది, లఫ్జ్ వినపడలేదు. అన్నిచోట్లా రెండు స్పీకర్ల ఖర్చు పెట్టలేం, నిజమే. మిక్సర్ మీద ఎకో బటన్ మాత్రం వేరేగానే ఉంటుంది. ముందు దాన్ని పూర్తిగా తగ్గించి, ఆఖరి సఫ్‌లో కూచున్న పెద్దాయనకి ప్రతి లఫ్జ్ అందుతోందా అని అడగండి. అందాకే కొద్దికొద్దిగా పెంచండి.