ఒక నెల రాజు, ఒక నెల రాణి

రాజమహేంద్రవరంలో కొలువుతీరిన రాజరాజ నరేంద్రుడు నన్నయభట్టును పిలిచి మహాభారతాన్ని తెలుగు చెయ్యమన్నాడు. ఆ ముచ్చట ఆదిపర్వం అవతారికలోనే ఉంది. భారతమంటే రాజుగారికి అంత మక్కువ ఎందుకంటే, అది ఆయన సొంతింటి కథ. చంద్రుడు మొదలుకొని పూరుడు, భరతుడు, కురుడు, పాండురాజు తన వంశకర్తలని, ఆ వంశంలో పుట్టిన పాండవుల చరిత్ర ఎంత విన్నా తనివి తీరదని చెప్పుకున్నాడు. మన ఆదికావ్యం పుట్టుకలో భక్తి పాలు ఎంతో, వంశాభిమానం పాలూ అంతే.

ఆ వంశానికి మొదట్లోనే ఒక తిరకాసు ఉంది. చంద్రుడి కొడుకు బుధుడు, బుధుడి కొడుకు పురూరవుడు. పురూరవుణ్ణి కన్నతల్లి ఇళ. ఇళ ఎవరయ్యా అంటే, వేటకు వెళ్లి ఆడదైపోయిన ఒక రాజు.

మగవాడు ఆడదవడం, ఆడది మగవాడవడం మన పురాణాలకు కొత్త కాదు. ద్రుపదుడి కూతురు శిఖండి ఒక యక్షుడి దయతో మగవాడై కురుక్షేత్రంలో భీష్ముడి ఎదుట నిలబడింది. కాకినాడ పక్కనున్న సర్పవరం వెళ్తే, నారదుడు అక్కడి కోనేట్లో మునిగి ఆడదై లేచాడని, పిఠాపురం రాజును పెళ్లాడి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవైమంది కొడుకుల్ని కన్నాడని స్థలపురాణం చెబుతారు. ఉగాదికి మనం చదువుకునే సంవత్సరాల పేర్లన్నీ ఆ పిల్లలవేనట! అయితే ఆ కథలన్నీ ఒక ఎత్తు, ఇళ కథ ఒక ఎత్తు. శిఖండి యుద్ధంతో సరి. నారదుడు మళ్లీ మునిగి మళ్లీ వీణ పట్టుకున్నాడు, అంతా విష్ణుమాయ అనుకుని ఊరుకున్నాడు. ఇళ మీద మాత్రం చంద్రవంశం మొత్తం నిలబడింది. నహుషుడు, యయాతి, దుష్యంతుడు, భరతుడు, కౌరవులు, పాండవులు, యదువు సంతతి లెక్కన సాక్షాత్తూ శ్రీకృష్ణుడు, అందరికీ మూలపుటమ్మ ఆవిడే.

భాగవతం నవమస్కంధం ఈ కథతోనే మొదలవుతుంది. వైవస్వత మనువుకు పిల్లల్లేరు. వసిష్ఠుడు దగ్గరుండి మిత్రావరుణులకు యాగం చేయిస్తున్నాడు. మనువు భార్య శ్రద్ధ పాలు మాత్రమే తాగుతూ వ్రతం పట్టి ఉంది. ఆవిడ హోత దగ్గరకు వెళ్లి దణ్ణం పెట్టి, తనకు ఆడపిల్ల కావాలని అడిగింది. హోత ఆ మాటే మనసులో పెట్టుకుని ఆహుతి వేశాడు. ఆడపిల్లే పుట్టింది, ఇళ. మనువు మొహం మాడ్చుకున్నాడు. కొడుకు కోసం చేసిన క్రతువుకు కూతురు పుట్టడమేమిటని వసిష్ఠుణ్ణి నిలదీశాడు. వసిష్ఠుడు విష్ణువును ప్రార్థించి పిల్లను పిల్లాడిగా మార్పించాడు. పేరు సుద్యుమ్నుడు. పురాణాల్లో కొడుకుల కోసం యాగాలు చేసినవాళ్లు కోకొల్లలు. ఆడపిల్ల కోసం భర్తకు తెలియకుండా పురోహితుణ్ణి అడిగిన తల్లి నాకు గుర్తున్నంతలో ఈవిడొక్కతే. ఈవిడ మాటకు మన ప్రవచనాల్లో దక్కే చోటు అరనిమిషం కూడా ఉండదు.

సుద్యుమ్నుడు పెరిగి, సింధుదేశపు గుర్రమెక్కి, పరివారంతో వేటకు బయల్దేరి మేరువు కింద ఒక వనంలో అడుగుపెట్టాడు. అంతే, రాజు ఆడదయ్యాడు. వెంట ఉన్నవాళ్లంతా ఆడవాళ్లయ్యారు. గుర్రం కూడా ఆడగుర్రమైంది. ఒకర్నొకరు చూసుకుని బిక్కచచ్చిపోయారు. కారణం ఏమిటంటే, అంతకుముందు ఎప్పుడో శివపార్వతులు ఏకాంతంలో ఉండగా మునులు చెప్పాపెట్టకుండా దర్శనానికి వచ్చారు. అమ్మవారు సిగ్గుపడింది. ఇకమీద ఈ వనంలోకి వచ్చిన మగవాడు ఆడదైపోతాడని శివుడు కట్టడి చేశాడు. తప్పు మునులది, ఫలితం రాజుది.

ఆ వనం చుట్టుపక్కలే బుధుడి ఆశ్రమం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు, పురూరవుడు పుట్టాడు. తర్వాత వసిష్ఠుడు శివుణ్ణి వేడుకుంటే ఆయన తన మాట పోకుండా, ఇటు భక్తుడి మాటా తీసెయ్యకుండా ఒక దారి చూపించాడు: ఒక నెల మగవాడు, ఒక నెల ఆడది. అలాగే రాజ్యం ఏలాడు. ప్రజలకు ఈ ఏర్పాటు అంతగా నచ్చలేదని శుకమహర్షి పొల్లుపోకుండా చెబుతాడు. మగవాడిగా ముగ్గురు కొడుకుల్ని కన్నాడు. ఉత్కలుడు, గయుడు, విమలుడు. ముగ్గురూ దక్షిణాపథానికి రాజులయ్యారు. ముసలితనం వచ్చాక రాజధాని ప్రతిష్ఠానాన్ని మాత్రం ఆడదిగా కన్న పురూరవుడి చేతిలో పెట్టి అడవికి వెళ్లిపోయాడు. తండ్రిగా కన్నవాళ్లకు దక్షిణం, తల్లిగా కన్నవాడికి సింహాసనం.

వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఈ కథ స్వరూపమే వేరు. అశ్వమేధం మహిమ మాటల్లో వచ్చినప్పుడు రాముడు తమ్ముళ్లకు చెబుతాడు. అక్కడ ఇలుడు కర్దముడి కొడుకు, బాహ్లికదేశపు రాజు. ఆ అడవిలో శివుడు పార్వతిని సంతోషపెట్టడానికి తానే స్త్రీరూపం ఎత్తి ఉన్నాడు, చుట్టూ ఉన్న మగజాతి అంతా ఆడదైపోయింది. రాజు వెళ్లి కాళ్లమీద పడితే శివుడు నవ్వి, మగతనం తప్ప ఏదైనా అడుగు అన్నాడు. పార్వతి జాలిపడి సగం వరమిచ్చింది. నెలకో రూపం ఇక్కడా ఉంది గానీ, దానికి ఇంకో మెలిక తగిలింది. మగవాడిగా ఉన్నప్పుడు ఆడదిగా గడిపింది గుర్తుండదు, ఆడదిగా ఉన్నప్పుడు మగవాడిగా గడిపింది గుర్తుండదు.

ఈ ఒక్క మెలికతో కథ ఎక్కడికో వెళ్లిపోయింది. వైశాఖమాసం ఇళతో బుధుడికి క్షణంలా గడిచింది. నెల నిండిన పొద్దున పడక మీంచి లేచింది రాజు. ఎదురుగా కొలనులో చేతులెత్తి తపస్సు చేసుకుంటున్న బుధుడు. రాజు దగ్గరకు వెళ్లి, అయ్యా, నేను పరివారంతో ఈ కొండకు వచ్చాను, నా సైన్యం కనబడదేం అని అడిగాడు. బుధుడికి విద్యాబలంతో అన్నీ తెలుసు. ఆ సైన్యమే ఆడవాళ్లయి కొండమీద దుంపలూ పళ్లూ తింటూ కాలక్షేపం చేస్తోందనీ తెలుసు. కానీ రాళ్లవాన కురిసి నీ వాళ్లంతా పోయారు, నువ్వు గాలివానకు భయపడి నా ఆశ్రమంలో నిద్రపోయావు అని తొణక్కుండా అబద్ధమాడాడు. రాజు గొల్లుమన్నాడు. పెద్దకొడుకు శశబిందుడికి పట్టం కట్టి తన దారి తాను చూసుకుంటానన్నాడు. ఒక ఏడాది ఇక్కడే ఉండు, నీకు మేలు చేస్తాను అని బుధుడు బుజ్జగించి ఆపాడు. రాజు ఆగిపోయాడు. మగనెలల్లో ధర్మచర్చలు, ఆడనెలల్లో కాపురం. తొమ్మిదో నెలలో ఇళ కొడుకును కని బుధుడి చేతికిచ్చింది.

మధ్యలో వచ్చిన మగనెలల్లో ఆ గర్భం ఏమైనట్టు? కవి ఆ ఊసే ఎత్తలేదు. అడిగే తమ్ముళ్లు కూడా కారు వాళ్లు. నాకు మాత్రం ఈ ఘట్టంలో ఆ వింత కంటే బుధుడి అబద్ధమే ఎక్కువ తగులుతుంది. తన ఒంటికి ఏం జరుగుతోందో ఊరంతటికీ తెలుసు, రాజుకొక్కడికే తెలియదు. చివరికి బుధుడే సంవర్తుడు, చ్యవనుడు, దుర్వాసుడు వంటి మునుల్ని పిలిపించాడు, కర్దముడూ వచ్చాడు, అశ్వమేధం చేయించి రాజును శాశ్వతంగా మగవాణ్ణి చేశారు. తన కాపురం తానే తీసేసుకున్నాడన్నమాట. ఆ అబద్ధానికి ప్రాయశ్చిత్తమో ఏమో కావ్యం చెప్పదు.

విష్ణుపురాణం ఇంత కథ చెప్పదు గానీ, ఆస్తి దగ్గరికొచ్చేసరికి తేటగా మాట్లాడుతుంది. సుద్యుమ్నుడు ముందు ఆడపిల్లగా పుట్టినవాడు కాబట్టి తండ్రి రాజ్యంలో వాటా రాలేదు. వసిష్ఠుడు చెబితే మనువు ప్రతిష్ఠానం ఒక్కటీ ఇచ్చాడు. వాటా తమ్ముళ్లకు, ఇక్ష్వాకు మొదలైనవాళ్లకు. దేవుడే దగ్గరుండి మగవాణ్ణి చేసినా, పంపకాల రోజున పుట్టినప్పటి సంగతే లెక్కకొచ్చింది. ఈ ఒక్క వాక్యం నాకు పురాణంలోది అనిపించదు, పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు చెప్పిన తీర్పులా ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, శతపథబ్రాహ్మణంలో ఈ మార్పిడే లేదు. ప్రళయం తీశాక ఒంటరిగా మిగిలిన మనువు నీళ్లలో నెయ్యి, పెరుగు ఆహుతులుగా వేస్తే ఏడాదికి వాటిలోంచి ఒక ఆడది లేచింది. నడిచిన చోటల్లా అడుగుల్లో నెయ్యి పేరుకుంది. మిత్రావరుణులు ఎదురై, మా కూతురినని చెప్పు అన్నారు. కాదు, నన్ను పుట్టించినవాడి కూతురినే అంది. యాగంలో ఇడ, అంటే ఇళ, అన్న ఆహుతి ఆమే. ఋగ్వేదంలో ఊర్వశి పురూరవుణ్ణి తల్లి పేరుతోనే, ఐలుడని పిలుస్తుంది. అంటే మొదట ఇళ ఆడదే, మనువు కూతురే. మగవాడవడం తర్వాతి కాలపు అతుకు. చరిత్రకారుడు పార్జిటర్ 1922లో అచ్చయిన తన పుస్తకంలో పురాణ వంశావళులన్నీ పేర్చి, పురూరవుడి సంతతిని ఐలులనే విడదీసి చూపించాడు. ఇంత పెద్ద వంశానికి మొదట్లో కూతురు ఉండటం తర్వాతి కథకులకు మింగుడుపడి ఉండదని నా అనుమానం. కూతుర్ని కొడుకుగా మార్చారు. కన్నతల్లి కావాలి గనక కొడుకును మళ్లీ ఆడదిగా మార్చారు. అయినా ఆవిణ్ణి కథలోంచి పూర్తిగా తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు. వ్యాసభారతం ఆదిపర్వం సైతం, పురూరవుడికి తల్లీ ఆవిడే, తండ్రీ ఆవిడేనని విన్నామని చెప్పి దాటిపోతుంది.

ఆ తుడిచే పని చేసింది శాసనాలు. రాజరాజ నరేంద్రుడి పూర్వీకులైన వేంగి చాళుక్యుల పాత శాసనాలు వాళ్లను మానవ్యసగోత్రులనీ, హారీతీపుత్రులనీ, సప్తమాతృకలు సాకినవాళ్లనీ పొగుడుతాయి. అందులో తల్లుల పేర్లకు కొదవ లేదు. పదకొండో శతాబ్దం మొదట్లో, రాజరాజు తండ్రి విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనం వచ్చేసరికి, పురాణాల నుంచి పొడుగాటి వంశావళి తెచ్చి తగిలించారు. 1022లో పట్టమెక్కిన రాజరాజు కోరుమెల్లి శాసనంలోనూ అదే పాఠం. రాగిరేకుల్ని కడియానికి గుచ్చి, ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, త్రిభువనాంకుశ బిరుదు. లోపల విష్ణువు నాభికమలంలో బ్రహ్మ, బ్రహ్మకు అత్రి, అత్రికి చంద్రుడు, చంద్రుడికి బుధుడు, బుధుడికి పురూరవుడు. ఇళ ఊసు లేదు. తండ్రి నుంచి కొడుక్కి గెంతుకుంటూ పాండవుల్ని దాటి, ఉదయనుణ్ణి దాటి, అయోధ్యలో యాభైతొమ్మిదిమంది చక్రవర్తుల్ని దాటి దక్షిణాపథానికి దిగుతుంది.

దిగిన చోట మళ్లీ ఒక ఆడదాని అవసరం పడింది. అయోధ్య నుంచి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరాడి చనిపోయాడు. చూలాలైన పట్టమహిషి పురోహితుడితో, ముసలి మంత్రులతో ముడివేము అగ్రహారం చేరింది. విష్ణుభట్టు సోమయాజి కన్నకూతురిలా కాపాడాడు. అక్కడ పుట్టిన విష్ణువర్ధనుడి నుంచి వంశం మళ్లీ మొలకెత్తింది. కడప జిల్లా పెద్దముడియమే ఆ ముడివేము అంటారు. సోమయాజి పేరు రాగిరేకు మీద ఉంది, రాణి పేరు లేదు. నారాయణభట్టు అనే పండితుడికి రాజరాజు ఇచ్చిన నందంపూడి అగ్రహార శాసనాన్ని కూర్చింది నన్నయే. ఇళ సంగతి ఆయనకు తెలియదనుకోవడానికి వీల్లేదు. దానపత్రానికి తండ్రుల వరుస చాలనుకున్నారు, అంతే.

విచిత్రం ఏమిటంటే, ఆ ఇంట్లో ఆ రోజుల్లోనే చక్రం తిప్పింది ఆడసంబంధాలు. విమలాదిత్యుడి భార్య కుందవ్వ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. చోళులు సూర్యవంశీయులమని చెప్పుకునేవాళ్లు. రాజరాజు, అమ్మంగదేవిల కొడుకు 1070లో తల్లి పుట్టింటి సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. వేంగిలో పుట్టిన చంద్రవంశపు పిల్లాడికి సూర్యవంశం అమ్మ వైపు నుంచి వచ్చింది. మనువు సూర్యుడి కొడుకు, ఇళ మనువు బిడ్డ. పురూరవుడికీ సూర్యవంశం అమ్మ వైపు నుంచి వచ్చిందే.

కులోత్తుంగుడు యాభై ఏళ్లకు పైగా చోళుడిగానే ఏలాడు. ఆయన కొడుకు వీరచోడుడు వేంగికి ప్రతినిధిగా వచ్చి చెల్లూరు శాసనం వేయించాడు. అందులో తాతగారి నాటి వంశావళినే మళ్లీ చెక్కించారు. చంద్రుడు, బుధుడు, పురూరవుడు.