ట్రావెల్ వెనక మూడు గుంజలు

మనం వీసా ఫారాల్లో, ఎక్స్‌పెన్స్ రిపోర్టుల్లో తెగ రాసే "ట్రావెల్" అన్న మాటకి మూలం ఓ హింసాయంత్రం. నిజమండీ!

లాటిన్‌లో "త్రి" అంటే మూడు, "పాలుస్" అంటే గుంజ. మూడు గుంజలు కలిపిన "త్రిపాలియం"కి మనుషుల్ని కట్టి హింసించేవారట. దాన్నుంచి పాత ఫ్రెంచిలో యాతన పడటం అనే అర్థంతో "త్రవాయే" పుట్టింది. పోనుపోనూ ఆ యాతన కాస్తా "పని" అయి కూర్చుంది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ పనిని "త్రవాయ్" అనే అంటారు (రిలీజ్ ముందు రాత్రి ఆఫీసులో గడిపినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు). స్పానిష్ "త్రబాహో" కూడా ఈ తీగకి కాసిన కాయే.

ఇంగ్లీషులో మాత్రం 14వ శతాబ్దానికల్లా ఇది ప్రయాణం వైపు తిరిగింది. బురద దారులు, దారిదోపిడీలు... ఊరు దాటడమే యాతన మరి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మనవాళ్ళూ అన్నారుగా! చాలాకాలం రెండర్థాలకీ స్పెల్లింగులు కలగాపులగంగా రాసి, చివరికి విడదీశారు. కష్టాలకీ, పురిటినొప్పులకీ "ట్రవేల్" మిగిలింది.

ఈ మాటకి సరదా అంటించింది రైలే అని నా అభిప్రాయం. 1841లో థామస్ కుక్ సుమారు 500 మందిని, తలకో షిల్లింగు చొప్పున, లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైల్లో తిప్పి తీసుకొచ్చాడు. టూరిస్టు వ్యాపారం అలా ఊపందుకుంది.

తెలుగులోకొచ్చేసరికి "ట్రావెల్స్" అంటే ప్రైవేటు బస్సు! సంక్రాంతికి వాటి టికెట్ రేట్లు చూస్తే మాత్రం నాకు లాటిన్ అర్థమే గుర్తొస్తుంది.