స్కైలాబ్ వారం

ఇటు జరుగుండ్రి, పొగ మీ దిక్కే కొడుతుంది. లోకం మునుగుతదని ఇప్పుడు టీవీల ఎవడన్న మొత్తుకుంటే మీరు ఛానల్ మారుస్తరు. అప్పట్ల మాకు మార్చుకునేటందుకు ఇంకో ఛానలే లేకుండె. పంచాయతీ కాడ రేడియో, బాయికాడ ఆడోళ్ల నోర్లు, గంతే. 1979 జులైల అమెరికోని అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తి మీద పడుతదంటే మన కరీంనగర్ జిల్లా జిల్లంత వణికింది.

ఆ ఎండకాలమే నా లగ్గమైంది. ఆషాఢంల అత్తా కోడలు ఒక్క కడప దాటద్దు, అల్లుడు అత్తగారిల్లు తొక్కద్దు. అందుకని నేను కోరుట్ల కాడ మా అవ్వగారింట్ల ఉన్న, మీ తాత మెట్‌పల్లి దిక్కు ఆయన ఊర్ల ఉండె. మాపటికి తునికాకు నానేసుడు, తడిబట్టల సుట్టిపెట్టుడు, పొద్దుగాల అచ్చు రేకు పెట్టి కత్తిరించుడు, జర్ద పోసి బీడీ సుట్టుడు. ఇదే మా అవ్వ పని, నా పని. 25 బీడీలకొక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. శనివారం బట్వాడ పైసలొస్తేనే ఇంట్లకు ఉప్పు, పప్పు.

ఆదివారం మొదలైంది పుకారు. బుధవారం పడుతదట, 77 టన్నులట, ఊర్లకు ఊర్లే మాడిపోతయట. సోమవారం కార్ఖానకు పోతే ఆకు తూకం పట్టేటోడు ఒక్కడే కూసున్నడు. "బుధవారం సచ్చేటోళ్లకు ఆకెందుకే" అని వాడకట్టు ఆడోళ్లంత ఇంటికి మర్రిండ్రు. అవ్వ గూడ చాట గోడకు ఆనిచ్చింది.

మంగళవారమైతే చూడాలె! ఉన్న కోళ్లన్ని కోసిండ్రు. యాట పిల్లలు కోసిండ్రు. ఇత్తులకని దాసిన పల్లికాయ సుత వేంచుకొని తిన్నరు. ఈత చెట్ల కింద మొగోళ్లు కల్లు తాగుకుంట ఒకర్నొకరు పట్టుకొని ఏడుస్తుండ్రు. అప్పిచ్చినాయన వసూలుకొస్తే, "బుధవారం దాటినంక రా పటేలా" అని నవ్విండ్రు. పుట్టి బుద్ధెరిగి ఆయన ముంగట గట్ల నవ్వినోడు లేడు.

మా ఇంట్ల ఒక సూడి మేక ఉండె, ఇయ్యాలో రేపో ఈనేటట్టు. మేకల బేరగాడు వాడకట్టంత తిరిగి సగం ధరకు కొంటుండు. "అచ్చినకాడికి అచ్చే" అని బాపు దాన్ని ఇచ్చేసి, ఆ పైసలతోని కల్లు, నాకొక చీర తెచ్చిండు. అవ్వ చీర దిక్కు సూడలే. పొయ్యి కాడ కూసోని ఒక్క మాటన్నది: "లోకం మునిగితె వాడు సుత మునుగుతడు గద. మరి వానికెందుకయ్యా మేకలు?"

బాపు కాడ జవాబు లేదు. మేక అప్పటికే వాడ దాటిపోయింది.

బుధవారం పొద్దుమీకినంక మీ తాత సైకిలేసుకొని వచ్చి కడప అవుతల నిలబడ్డడు. "సచ్చేదుంటె ఒక్కకాడ్నే సద్దామని అచ్చిన" అన్నడు. ఆషాఢం, అల్లుడు! అవ్వ అడ్డం నిలబడ్డది. బాపు లోపటికెల్లి, "రేపు కడపే ఉంటదో ఉండదో, రానీయవే" అన్నడు. పున్నమి పోయి రెండొద్దులు. మంచాలన్ని వాకిట్ల, కండ్లన్ని మబ్బుల మీద. సుక్క మిణుక్కుమంటే చాలు, "అగో, అచ్చె!" అని కేక. పది గొట్టంగనే అది సముద్రంల, ఆస్ట్రేలియా దిక్కు పడిపోయిందట. మాకేం ఎరుక? తెల్లారిందాక సూసినం. తెల్లారిందని చెప్పేటందుకు కోడి కూయలే. కూసేటందుకు ఊర్ల కోళ్లేయి?

బేస్తారం పొద్దుగాల రేడియోల వార్త అచ్చింది. సావు తప్పినంక రివాజులన్ని లేచి కూసున్నయి. వాడకట్టోళ్లు సూడకముందే అవ్వ మీ తాతను ఎనుక దర్వాజకెల్లి ఎల్లగొట్టింది. అప్పిచ్చినాయన మిత్తితోని సహా దిగిండు. శుక్రారం బాపు మేకకు పోతే అది రెండు పిల్లలను ఈని నిలబడ్డది. బేరగాడు రెండింతలు చెప్పిండు. శనివారం బట్వాడల మా చీటి కాడ పైసలే లేవు. చెయ్యని బీడీకి కూలెవలిస్తరు? ఇగ ఆదివారం రేడియోల మొరార్జీ దేశాయి రాజీనామ అన్నరు. "పడుతదన్నది మనకాడ పడకపాయె, ఢిల్లీల సర్కారు పడె" అని బాపు నవ్విండు. వారంల బాపుకు అదే మొదటి నవ్వు.

ఆషాఢంల ఆలుమొగల్ని ఎడం ఎందుకు పెడుతరో మల్ల ఏప్రిల్ల తెలిసింది. ఆ అగ్గి ఎండల మీ డాడి పుట్టిండు. తడి చీరెలు కట్టిన మంచం కింద నేను, పక్కకు విసనకర్రతోని అవ్వ. ఊర్లె అందరు "స్కైలాబు" అనే పిలిచిండ్రు. ఆ యేడు నిజంగనే పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నోళ్లున్నరు.

ఆ స్కైలాబే పెద్ద సదువు సదివినంక నాకు చెప్పిండు: 1973ల పంపిండ్రట, ముగ్గురు ముగ్గురు చొప్పున మూడు మాట్ల మనుషులు అండ్ల ఉండచ్చిండ్రట. సూర్యుని వేడి పెరిగి మీది గాలి ఉబ్బితె, ఆ గాలి తాకి తాకి అది కిందికి జారిందట. తునకలు పడ్డ ఆస్ట్రేలియాల ఎస్పెరన్స్ ఊరోళ్లు, చెత్త పారేసిండ్రని అమెరికాకు 400 డాలర్ల జరిమాన రాసిండ్రట. మా మేకకు ఎవలు రాయాలె జరిమాన?

నవ్వకుండ్రి. మా అవ్వ మాట నాకు పనికచ్చింది. కరోనల ఒకడు మన చెల్క అగ్గువకు అడగచ్చిండు. "రేపు ఎవలుంటరో ఎవలు పోతరో, పైసలు చేతిల పెట్టుకో అమ్మా" అన్నడు. "నువ్వుంటవని నీకంత నమ్మకముంటే, నేను సుత ఉంట తీ బిడ్డా" అన్న. మల్ల రాలే వాడు. మొన్న మీరు మక్కేసింది ఆ చెల్కల్నే.