నీళ్ళ గిన్నె చిన్నోడిది

చెప్పులు గుమ్మం బయట వదలకండి. పక్కనే గోడకి గూడుంది, పైఅరలో పెట్టండి. కింది అరలో పెట్టినవాటి గతి చూశారుగా, ఎడమకాలి చెప్పుకి పట్టీ లేదు. అది ఈ ఇంటాయనదే.

రాజమండ్రి, దానవాయిపేట. ఆదివారం పొద్దున్న ఆరున్నర. కుక్కర్ ఇంకా మొదటి కూత వెయ్యలేదు. హాల్లో సోఫా పక్కన అట్టపెట్టె, అందులో పాత దుప్పటి, దాని మీద బెల్లం. రంగు అదే కనక పేరూ అదే పెట్టారు. వీధి చివర పుట్టిన నాటు కుక్కపిల్ల, రెండు నెలలు నిండాయి. అంతకుముందే తెచ్చేద్దామని పిల్లలు గోల చేసినా పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. తల్లి దగ్గర, తోడబుట్టినవాటితో కొట్లాడుతూ ఎనిమిది వారాలైనా పెరిగితేగాని, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్ళకి నొప్పో కుక్కపిల్లకి తెలియదు.

ష్, లేస్తోంది. ఆవులించి, ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుంది. ఎనిమిదేళ్ళ అక్క నోట్లో బ్రష్ తియ్యకుండానే పరుగెత్తుకొచ్చి, పొట్ట కింద రెండు చేతులూ వేసి ఎత్తుకుని పెరట్లోకి పోయింది. రండి మనమూ. జామచెట్టు కింద దించి కదలకుండా నిలబడింది చూడండి. బెల్లం నేల వాసన చూసింది, ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు, వెనక కాళ్ళు వంచి ఉచ్చ పోసింది. "గుడ్ బెల్లం!" అంది అక్క. బ్రష్ అడ్డమొచ్చి అది "గుల్ బెల్లం" అని వినబడింది. ఆ మెచ్చుకోలు ఆ క్షణంలోనే పడాలి. లోపలికొచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి అర్థం కాదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్ళే పని అక్కది. ఈ వయసు కుక్కపిల్ల రెండు గంటలకి మించి ఆపుకోలేదు. రాత్రి డ్యూటీ మాత్రం నాన్నది. బడికెళ్ళే పిల్లని అర్ధరాత్రి లేపడం బాధ్యత నేర్పించడం కిందికి రాదు.

ఇక చిన్నోడు. వాడికి అయిదేళ్ళు, పని ఒక్కటే: నీళ్ళ గిన్నె. అదిగో, స్టీలు గిన్నె రెండు చేతులా పట్టుకుని, నాలిక పంటి కింద పెట్టుకుని, చూపు నీళ్ళ మీంచి తిప్పకుండా వస్తున్నాడు. కాస్త పక్కకి జరగండి. కొన్ని చొక్కా మీద పడ్డాయి, కొన్ని గచ్చు మీద. మిగిలినవి చేరాల్సిన చోటికి చేరాయి. వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది, అందుకోవడానికి మాత్రం రాలేదు. ఈ ఇంట్లో నాకు నచ్చిందే అది. పిల్లలకి పని ఇచ్చినట్టే ఇచ్చి, ఒలికిందనో ఆలస్యమైందనో లాక్కునే ఇళ్ళే ఎక్కువ. అలా రెండుసార్లు లాక్కుంటే మూడోసారి పిల్లాడు పిలిచినా రాడు.

"గచ్చు ఎవడు తుడుస్తాడ్రా?" మామ్మ పేపర్లోంచి తలెత్తకుండానే అడిగింది.

"నేనే."

"తుడు మరి."

నిన్న మధ్యాహ్నం గిన్నె ఎండిపోయిందట. చిన్నోడు టీవీ ముందున్నాడు. "ఒరే, నువ్వు మజ్జిగ తాగావు. మరి అదేం తాగిందిరా?" అందట మామ్మ, అంతే. వాడు లేచాడు. లేవకపోతే ఆవిడే పోసేసేది, ఆ తర్వాత వాడి సంగతి చూసేది. ఆ వరస నాకు సరైనదనిపించింది. పిల్లాడికి బుద్ధి రావాలని కుక్కపిల్లని దాహంతో ఉంచడం అన్యాయం.

ఎనిమిదైంది, తిండి వేళ. కుక్కపిల్లల తిండి గోరువెచ్చటి నీళ్ళలో నానింది, దాంతో ఉడికించిన గుడ్డు. పెరుగన్నం చాలదా అని మామ్మ అడిగితే, ఎదిగే పిల్లకి అదొక్కటే చాలదని పశువుల డాక్టరుగారు చెప్పారట. రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. ఫ్రిజ్ మీద కాగితం చూడండి: చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష బొమ్మలు, వాటి మీద ఎర్ర ఇంటూలు. చిన్నోడే గీశాడు. పరమాన్నంలో కిస్‌మిస్‌లు ఏరి పక్కన పడేసే అలవాటు వాడికుంది. అవీ కుక్కలకి విషమే కనక, ఇప్పుడవి నేల మీద పడకూడదు.

హాల్లో ఆట మొదలైంది. చిన్నోడు పరిగెత్తాడు, బెల్లం వెంటపడింది. "పరిగెత్తకురా, చెట్టులా నిలబడిపో!" అని అక్క అరిచేలోపే అయిపోయింది. వాడు పిక్కని చేత్తో మూసేసి, "ఏం లేదు" అన్నాడు. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు.

అమ్మ వాడి ముందు గొంతుక్కూచుంది. "చెప్తే తిట్టను. బెల్లాన్ని పంపించెయ్యను కూడా. తియ్యి చెయ్యి."

చాలాసేపటికి తీశాడు. ఎర్రటి గీత, దాని చివర చిన్న రక్తపు చుక్క. తిన్నగా కుళాయి కిందికి. సబ్బు రాసి, గడియారం చూస్తూ 15 నిమిషాలు కడిగింది. నాన్న స్కూటర్ తాళాలు తీశాడు. కుక్కపిల్లకి రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే వేస్తారు. పెంచుకున్నదే కదా, గీతే కదా అని ఊరుకోవడానికి లేదు, డాక్టరుకి చూపించాల్సిందే. రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్ళలో 40 శాతం 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడటం దాదాపు ఉండదు. కుక్కని పంపించేస్తారన్న భయంతో కాటు దాచే పిల్లాడు గిన్నె నింపడం మరిచేవాడికంటే ప్రమాదంలో ఉన్నట్టు. ఈ ఇంట్లో వాడు నేర్చుకున్న పెద్ద పని ఏదంటే, ఆ చెయ్యి తియ్యడమే అంటాను.

వాళ్ళు స్కూటరెక్కారు. అక్క వెంకట్రామా క్యాలెండర్ దగ్గర కుర్చీ ఎక్కి, వచ్చే నెల తేదీ చుట్టూ సున్నా చుడుతోంది. పార్వో లాంటి జబ్బులకి ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోటి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. అవి పూర్తయ్యేదాకా వీధుల్లో తిప్పకూడదు. బెల్లాన్ని పుష్కరాల రేవుకి తీసుకెళ్ళాలని ఆ పిల్ల ఆశ. ఆగాలి మరి.

మీ ఇంట్లోనూ పిల్లలు అడుగుతున్నారు కదూ. తెచ్చే ముందు ఒక లెక్క వేసుకోండి. బాగా చూసుకుంటే కుక్క పన్నెండు, పదమూడేళ్ళు బతుకుతుంది. అప్పటికి ఈ చిన్నోడు ఇంటర్ దాటతాడు, అక్క ఏ హాస్టల్లోనో, అత్తారింట్లోనో ఉంటుంది. ఆ గిన్నె అప్పుడు మీరే నింపాలి. అంత ఓపిక లేదనుకుంటే కుక్కపిల్లని తేకండి. డాబా మీద పిట్టలకి ఓ మూకుడు పెట్టి, రోజూ నీళ్ళు పొయ్యమని పిల్లలకి చెప్పండి.