ఇంటి సర్వర్‌లో మైన్‌క్రాఫ్ట్ వరల్డ్‌లు

ఇంట్లోని ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, అందులో మైన్‌క్రాఫ్ట్ వరల్డ్‌లను ఒకటికి మించి నడుపుతూ, ఆ ఇంటి పిల్లలూ వాళ్ల స్నేహితులూ కలిసి ఆడుకునేలా చేసే ఏర్పాటు ఇది. సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆట తయారుచేసిన మొజాంగ్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి, కాస్త ఓపిక ఉన్న పెద్దవాళ్లు ఒకరు ఉంటే చాలు. అయితే వరల్డ్‌లను పక్కపక్కన నడపడం మొదలుపెట్టాక ఎదురయ్యే చిక్కులు కంప్యూటర్‌కు ఎంత సంబంధించినవో, పిల్లల వయసులకూ తగాదాలకూ అంతే సంబంధించినవి. ఏర్పాటు బాగుందా లేదా అన్నది రెండో దాన్ని బట్టే తేలుతుంది.

నేపథ్యం

పలువురు ఆటగాళ్లు ఒకే కల్పిత లోకంలో కలిసే ఆటలు మైన్‌క్రాఫ్ట్‌తో పుట్టలేదు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రుబ్‌షా, రిచర్డ్ బార్టల్ అనే విద్యార్థులు 1978లో మొదలుపెట్టిన ‘మడ్’ వీటికి ఆద్యం. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. స్వీడన్ ప్రోగ్రామర్ మార్కస్ పెర్సన్ 2009 మేలో మైన్‌క్రాఫ్ట్ తొలిరూపాన్ని బయటపెట్టాడు. పూర్తి ఆట 2011 నవంబరు 18న విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు మొజాంగ్‌ను కొనుక్కుంది. 2023 అక్టోబరు నాటికి ఆట 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్టు సంస్థ ప్రకటించింది.

ఆటకు రెండు ప్రధాన రూపాలున్నాయి. కంప్యూటర్లలో నడిచేది జావా ఎడిషన్. ఫోన్లు, ట్యాబ్‌లు, గేమ్ కన్సోళ్లలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. ఇది విండోస్‌లోనూ ఉంది. ఒకదానిలోని ఆటగాడు రెండోదాని సర్వర్‌లోకి నేరుగా వెళ్లలేడు. అక్క ల్యాప్‌టాప్‌లో, తమ్ముడు ట్యాబ్‌లో ఆడే ఇళ్లలో ఈ అడ్డంకిని ‘గీజర్’ అనే ఉచిత ప్రోగ్రామ్ తొలగిస్తుంది. బెడ్‌రాక్ నుంచి వచ్చిన సందేశాలను అది జావా సర్వర్‌కు అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చి అందిస్తుంది.

ఒక్క వరల్డ్ ఎందుకు చాలదు

పదమూడేళ్ల అన్న, ఏడేళ్ల చెల్లెలు ఉన్న ఇల్లు తీసుకుందాం. అన్నకు సర్వైవల్ కావాలి: ఆకలి, చీకటి పడితే వచ్చే జాంబీలు, గనిలో దిగి తవ్వి తెచ్చుకున్న వజ్రాలు, లావాలో పడితే అవన్నీ పోతాయన్న భయం. ఆ భయమే అతనికి ఆట. చెల్లెలికి గుర్రాలు, గులాబీ రంగు ఇల్లు, ఎగిరే వీలు కావాలి, అంటే క్రియేటివ్. ఇద్దరినీ ఒకే వరల్డ్‌లో పెడితే, క్రీపర్ అనే రాక్షసి వచ్చి ఆమె ఇంటి గోడ పేల్చేస్తుంది. లేదంటే ఆమె కోసం రాక్షసులను ఆపేసినందుకు అతను అలుగుతాడు. మూడో సంగతి స్నేహితులు. శనివారం మధ్యాహ్నం వచ్చే నలుగురు పిల్లల్లో ఒకడికి టీఎన్‌టీ పేల్చడం తప్ప ఇంకేమీ పట్టదు. వాడికి కోపంతో చెప్పాల్సిన పని లేదు, పేల్చుకోవడానికి వాడికో చోటు ఇస్తే చాలు.

అందుకే అనుభవం ఉన్న ఇళ్లలో కనీసం మూడు వరల్డ్‌లు కనిపిస్తాయి. ఒకటి ఇంటి పిల్లల సర్వైవల్, ఇంకొకటి చిన్నవాళ్ల క్రియేటివ్, మూడోది ఏం పాడైనా ఎవరూ ఏడవని చదునైన మైదానం. ప్రతి వరల్డ్‌కూ తనదైన కఠినత్వం, తనవైన నియమాలు ఉంటాయి. చనిపోయినా సామాను పోకుండా ఉంచే ‘కీప్ ఇన్వెంటరీ’, క్రీపర్లు కట్టడాలను పాడుచేయవచ్చో లేదో తేల్చే ‘మాబ్ గ్రీఫింగ్’ అలాంటివే. ఏ వరల్డ్‌లో ఏది చెల్లుతుందో పిల్లలతో కూర్చుని వాళ్ల చేతే చెప్పించి పెడితే అది నిలుస్తుంది. పెద్దవాళ్లు తామే నిర్ణయించి పెట్టిన నియమాల మీద వారం తిరక్కుండానే ఫిర్యాదులు మొదలవుతాయి.

నడిపే పద్ధతులు

మొజాంగ్ ఇచ్చే మామూలు సర్వర్ ఒకసారికి ఒక్క వరల్డ్‌నే నడుపుతుంది. ‘సర్వర్.ప్రాపర్టీస్’ ఫైల్‌లో లెవెల్-నేమ్ అనే వరుసలో ఏ ఫోల్డర్ పేరు ఉంటే అదే తెరుచుకుంటుంది. పేరు మార్చి సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టడం అన్నిటికన్నా సులువు. కానీ ఇద్దరు పిల్లలు ఒకే సమయంలో రెండు చోట్ల ఆడలేరు.

రెండో పద్ధతి ప్లగిన్‌లది, అంటే సర్వర్‌కు జతచేసే చిన్న ప్రోగ్రామ్‌లది. పేపర్, స్పిగాట్ వంటి సర్వర్ ప్రోగ్రామ్‌లు 2010ల తొలినాళ్లలో వచ్చిన బకిట్ అనే సర్వర్ ప్రోగ్రామ్‌కు వారసులు. వీటిలో ‘మల్టీవర్స్’ అనే ప్లగిన్ పెడితే ఒకే సర్వర్‌లో ఎన్ని వరల్డ్‌లైనా తెరవవచ్చు. ఆటగాడు ఒక ఆదేశంతోనో, ఒక ద్వారం దాటో ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెళ్తాడు. పిల్లలకు ఇది ఎంతో నచ్చుతుంది. అయితే ఇక్కడ మూడు చిక్కులున్నాయి. ఒకటి సామాను. బకిట్ కుటుంబపు సర్వర్లు ఆటగాడి సంచిని మొదటి వరల్డ్ ఫోల్డర్‌లోనే దాస్తాయి కాబట్టి అన్ని వరల్డ్‌లకూ ఒకే సంచి. క్రియేటివ్‌లో ఊరికే వచ్చిన వజ్రాల కత్తులు నింపుకుని పిల్లవాడు సర్వైవల్‌లోకి వస్తే, రెండు నెలలు తవ్విన అన్న కష్టానికి విలువ లేకుండా పోతుంది. దీనికి మల్టీవర్స్‌లోనే ఇన్వెంటరీస్ అనే మరో భాగం ఉంది; వరల్డ్‌లను జట్లుగా విడదీసి, ఏ జట్టు సంచి ఆ జట్టుకే ఉంచుతుంది. దాన్ని మొదటి రోజే పెట్టాలి. కలిసిపోయిన సంచులను తర్వాత విడదీయడం పెద్దవాళ్లను న్యాయమూర్తుల్ని చేస్తుంది. రెండోది నెదర్ (ఆటలోని పాతాళం) పోర్టల్‌లు: రెండో వరల్డ్‌లో కట్టిన పోర్టల్ మామూలుగా మొదటి వరల్డ్ తాలూకు నెదర్‌లోకి తీసుకుపోతుంది, తిరిగి వస్తే తేలేదీ మొదటి వరల్డ్‌లోనే. దీనికీ విడి ప్లగిన్ ఉంది.

మూడో చిక్కు వేగం. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 సార్లు లోకాన్ని ముందుకు జరుపుతుంది; ఒక్కో అడుగుకు 50 మిల్లీసెకన్ల వ్యవధి. ఆ పని చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే, ఒకే వరుసలో సాగుతుంది. ఒకే పొయ్యి మీద నాలుగు గిన్నెలు వంతులవారీగా పెట్టినట్టు, ఒక వరల్డ్ పని అయ్యాకే ఇంకోదాని వంతు. మైదానంలో ఆ శనివారపు పిల్లవాడు వెయ్యి టీఎన్‌టీలు ఒకేసారి అంటించాడంటే, సంబంధం లేని సర్వైవల్‌లో అన్న ఆట కూడా ఆగి ఆగి నడుస్తుంది. ఎనిమిది కోర్ల కంప్యూటర్ కొన్నా ఈ ఒక్క చోట పెద్దగా ఉపయోగం ఉండదు.

అందువల్ల పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ మూడో పద్ధతే మేలు: ఒక్కో వరల్డ్‌కు ఒక్కో విడి సర్వర్ ప్రక్రియ. ఒకే యంత్రంలో మూడు సర్వర్లు మూడు పోర్టుల మీద నిలుస్తాయి. జావా ఎడిషన్ అలవాటు పోర్టు 25565 కాబట్టి మిగిలినవి 25566, 25567 అవుతాయి. ఒకటి కూలిపోయినా మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి వేర్వేరు వెర్షన్లూ పెట్టుకోవచ్చు. పాత మాడ్‌ల కోసం 1.12.2 కావాలంటే దానికి జావా 8 సరిపోతుంది, 1.20.5 నుంచి జావా 21 తప్పనిసరి. ఈ గందరగోళాన్ని డాకర్ కంటెయినర్లు బాగా సర్దుతాయి, ఏ సర్వర్‌కు కావలసిన జావా ఆ డబ్బాలోనే ఉంటుంది. వీటన్నిటి ముందు ‘వెలాసిటీ’ వంటి ప్రాక్సీ పెడితే పిల్లలు ఒక్క చిరునామాతో లోపలికి వచ్చి, అక్కడి నుంచి వేరే సర్వర్‌కు మారుతారు. ప్రాక్సీ వెనకాల ఉన్న సర్వర్లలో ఆటగాడి ఖాతా అసలైనదో కాదో చూసే తనిఖీని ఆపాల్సి వస్తుంది కనుక, వాటి పోర్టులు ఆ యంత్రం బయటికి కనిపించకుండా కట్టేయడం మరిచిపోకూడదు.

యంత్రం

ముగ్గురు నలుగురు పిల్లలు ఆడే ఒక వరల్డ్‌కు 2 జీబీ మెమరీ కేటాయిస్తే చాలు. 8 జీబీ ఉన్న పాత ల్యాప్‌టాప్ మూడు వరల్డ్‌లను మోస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఇంకో సుగుణం బ్యాటరీ: వేసవిలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో డెస్క్‌టాప్ ఆరిపోయి మళ్లీ లేస్తుంది, ల్యాప్‌టాప్ ఆగదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ కూడా ఒకటి రెండు వరల్డ్‌లు నడుపుతుంది, మెమరీ కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే.

బరువైన పని కొత్త నేలను పుట్టించడం. లోకం 16×16 బ్లాక్‌ల చంక్‌లుగా పుడుతుంది, 1.18 వెర్షన్ నుంచి ఒక్కో చంక్ ఎత్తు 384 బ్లాక్‌లు. పిల్లలు ఎలిట్రా రెక్కలతో ఎగురుతూ కొత్త దిక్కుకు పోతే సర్వర్ ఆయాసపడేది అందుకే. మధ్య నుంచి నాలుగు వైపులా దాదాపు 3 కోట్ల బ్లాక్‌ల దూరం పోగల లోకంలో, ఇంటి పిల్లలకు కొన్ని వేల బ్లాక్‌లు చాలు. వరల్డ్ బోర్డర్ గీసి, ఆ లోపలి నేలనంతా రాత్రిపూట ‘చంకీ’ ప్లగిన్‌తో ముందే పుట్టించి పెడితే డిస్క్ కూడా అదుపులో ఉంటుంది. 1.21.2 నుంచి ఎవరూ లేని సర్వర్ ఒక నిమిషం తర్వాత తనంతట తానే ఆగి నిద్రపోతుంది. పలు వరల్డ్‌లు నడిపే ఇంటికి ఇది నిజంగా ఊరట.

ఎవరిని రానివ్వాలి

వైట్‌లిస్ట్ పెట్టని సర్వర్‌ను పిల్లల సర్వర్ అనకూడదు. జాబితాలో పేరున్న ఖాతాలు మాత్రమే లోపలికి రావాలి. ఖాతాలు కొనే డబ్బు ఆదా కోసం ఖాతా తనిఖీ తీసేసే ఇళ్లున్నాయి. అలా తీసేస్తే ఎవరైనా ఏ పేరుతోనైనా, పెద్దవాళ్ల ఆపరేటర్ పేరుతో కూడా రాగలరు. ఒకే ఖాతాతో ఇద్దరు ఒకేసారి ఆడటం కుదరదు, కాబట్టి పిల్లకో ఖాతా తప్పదు. మైక్రోసాఫ్ట్ పిల్లల ఖాతాలకు ఇతరులతో కలిసి ఆడే అనుమతిని తల్లిదండ్రులు ఫ్యామిలీ సెట్టింగుల్లో విడిగా ఇవ్వాలి. సర్వర్ పాడైందనుకునే సందర్భాల్లో చాలాసార్లు అసలు కారణం ఇదే.

ప్రవేశాన్ని జాగ్రత్తగా కాపాడితే ఎంత మేలు జరుగుతుందో ‘ఆట్‌క్రాఫ్ట్’ చూపించింది. కెనడాకు చెందిన స్టూవర్ట్ డంకన్ 2013లో ఆటిజం ఉన్న పిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం దీన్ని మొదలుపెట్టారు. బయటి సర్వర్లలో ఏడిపింపులకు గురైన పిల్లలు వైట్‌లిస్ట్ ఉన్న ఈ చోట స్థిమితంగా ఆడుకోగలిగారు.

ప్రోగ్రామ్‌లను ఎప్పటికప్పుడు నవీకరించడం కూడా భద్రతలో భాగమే. 2021 డిసెంబరులో బయటపడిన ‘లాగ్4షెల్’ లోపం వల్ల చాట్‌లో ఒక వాక్యం టైపు చేసి సర్వర్‌ను చేజిక్కించుకునే వీలు ఏర్పడింది. ఆ నెలలోనే వచ్చిన 1.18.1తో దాన్ని సరిదిద్దారు.

ఊరి బయటి నుంచి

హైదరాబాద్‌లో సర్వర్, డాలస్‌లో పెద్దనాన్న పిల్లలు: ఇది తెలుగు ఇళ్లలో మామూలు అవసరమే. భారతదేశంలోని చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లు పంచుకుంటాయి, కనుక రూటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. టెయిల్‌స్కేల్, జీరోటైర్ వంటివి రెండిళ్ల కంప్యూటర్లను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌లోకి తెస్తాయి. పోర్టును లోకానికంతటికీ తెరవాల్సిన పనే ఉండదు, అందువల్ల పిల్లల విషయంలో ఇదే మంచి దారి. అంత దూరం నుంచి సందేశం వచ్చిపోవడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. కట్టడాలకు ఇబ్బంది లేదు గానీ కత్తియుద్ధంలో డాలస్ పిల్లలు ఓడిపోతూనే ఉంటారు. దూరపు బంధువుల కోసం పెట్టే వరల్డ్‌లో ఆటగాళ్ల మధ్య పోరు ఆపేయడం సబబు.

బ్యాకప్

పిల్లవాడు ఆరు నెలలు కట్టిన కోట పోతే దాన్ని తిరిగి కట్టించే మాటలు పెద్దల దగ్గర ఉండవు. సర్వర్ నడుస్తుండగానే ఫోల్డర్ కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు రావచ్చు. ముందు సేవ్-ఆఫ్ ఆదేశంతో రాతను ఆపి, సేవ్-ఆల్‌తో మిగిలింది రాయించి, కాపీ అయ్యాక సేవ్-ఆన్ ఇవ్వాలి. వరల్డ్‌లు విడి ఫోల్డర్లలో ఉంటే ఒక్కోదాన్ని విడిగా వెనక్కి తేవచ్చు. చెల్లెలి ఇంటిని నిన్నటికి తెస్తూ అన్న వజ్రాలను ఇవాళ్టి దగ్గరే ఉంచవచ్చు. చిన్న నష్టాలకు అంత దూరం పోనక్కర్లేదు. ‘కోర్‌ప్రొటెక్ట్’ ప్లగిన్ ఏ బ్లాక్‌ను ఎవరు ఎప్పుడు తీశారో రాసిపెట్టి, ఒకరు గత రెండు గంటల్లో చేసినదాన్ని మాత్రమే వెనక్కి తిప్పుతుంది. ఎవరు పగలగొట్టారన్న వాదన అక్కడితో తెగుతుంది.

వెర్షన్ మార్చే రోజు బ్యాకప్ మరీ ముఖ్యం. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన వరల్డ్‌ను పాతదానికి తిప్పడం కుదరదు.

ఇతర మార్గాలు

ఇదంతా చేసే తీరిక లేని ఇళ్లకు మొజాంగ్ వారి ‘రెల్మ్స్’ నెలవారీ రుసుముతో దొరుకుతుంది. అందులో మూడు వరల్డ్‌లు దాచుకోవచ్చు, ఒకసారికి ఒకటే తెరిచి ఉంటుంది. ఖాతాల ఖర్చు భరించలేని ఇళ్లకు, బడులకు ‘లువాంటి’ ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో ప్రారంభించిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను 2024 అక్టోబరు దాకా మైన్‌టెస్ట్ అనేవారు. ఆటకూ సర్వర్‌కూ రూపాయి ఖర్చు లేదు, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది, వరల్డ్‌కో పోర్టు ఇచ్చి ఎన్నైనా పక్కపక్కన పెట్టుకోవచ్చు.